తిత్లీ వెళ్లి ఏళ్లయినా గాలి వీస్తే నాన్నగారు తలుపు గడియ ఎందుకు పట్టుకుంటున్నారు?

అమ్మా, నేను శ్రీకాకుళంలో ముప్ఫై ఏళ్లుగా మానసిక వైద్యం చేస్తున్నాను. మీరు రాసిన సంగతిని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. నేను సరిగ్గా గ్రహించానో లేదో మీకు తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటిన సమయానికి మీ అమ్మానాన్నలు వజ్రపుకొత్తూరు వైపు మీ ఊళ్లో రేకుల ఇంట్లో ఉన్నారు. పైరేకులు లేచిపోయాయి, కొబ్బరిచెట్టు పశువుల శాల మీద పడి ఆవు చనిపోయింది, నాన్నగారు తెల్లారేదాకా తలుపు గడియ పట్టుకుని నిలబడ్డారు. తరువాత ఇంటికి స్లాబు వేసుకున్నారు. అయినా కొబ్బరి మట్టల్లో గాలి హోరు మొదలైతే ఆయన ఏ అర్ధరాత్రయినా లేచి, చెమటలు పట్టి, గడియ పట్టుకుని కూర్చుంటున్నారు. మీరు హైదరాబాదు తీసుకువెళ్లి ఆరు నెలలు ఉంచుకున్నప్పుడు అక్కడి కౌన్సెలర్ ఒకరు గాలి చప్పుళ్ల రికార్డింగులు వినిపించి వినిపించి ఆ భయాన్ని తగ్గించారు. ఊరికి తిరిగి వచ్చాక వీచిన మొదటి పెద్దగాలికే అంతా మళ్లీ మొదటికి వచ్చింది. పోయిందనుకున్న భయం ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడిగారు. ఆ రాత్రి గురించి ఆయన చెప్పే కథ ఏటేటా మారుతోందని, అమ్మగారు చెప్పేదానితో కలవడం లేదని, ఆయన కల్పించుకుంటున్నారేమోనని సందేహపడ్డారు. ఆ జ్ఞాపకాన్ని చెరిపేసే మాత్ర ఏదైనా ఉందా అని కూడా అడిగారు.

అసలు ఆ రాత్రి ఆయన మెదడులో ఒక జ్ఞాపకం కాదు, కనీసం రెండు ఏర్పడ్డాయి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరెక్కడ ఉన్నారు అనే సంగతులను కూర్చి పెట్టేది కణతల లోపలి వైపున ఉండే హిప్పోక్యాంపస్. దానికి ఆనుకొని ముందువైపున అమిగ్డలా అనే చిన్న ముద్ద ఉంటుంది. ఆ పేరుకు గ్రీకులో బాదంకాయ అని అర్థం. మన ఉద్దానం వాళ్లకు జీడిపప్పంత అంటే ఇంకా త్వరగా తెలుస్తుంది. ఇది సంగతులను దాచుకోదు. ఏ చప్పుడు వెనుక, ఏ వాసన వెనుక ప్రమాదం వచ్చిందో ఆ ముడిని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండూ వేరువేరని తేటగా చూపిన ప్రయోగం 1995లో వెలువడింది. కొందరికి రంగు బొమ్మలు చూపిస్తూ, ఒక రంగు వచ్చినప్పుడల్లా ఓడ కూతలాంటి భయంకరమైన చప్పుడు వినిపించారు. అమిగ్డలా దెబ్బతిన్న రోగి ఏ రంగుకు కూత వచ్చిందో తప్పులేకుండా చెప్పగలిగింది, కాని ఆ రంగు చూసినప్పుడు ఆమె అరచేతుల్లో చెమట ఊరలేదు. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న రోగికి చెమట ఊరింది గాని ఏ రంగుకు కూత వచ్చిందో చెప్పలేకపోయాడు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1911లో, జెనీవా వైద్యుడు క్లపరేడ్ ఇలాంటిదే ఒక ముచ్చట రాశాడు. ఏ రోజు సంగతి ఆ రోజే మరిచిపోయే ఒక రోగికి కరచాలనం చేస్తూ అరచేతిలో దాచిన గుండుసూదితో గుచ్చాడు. కాసేపటికి ఆమెకు ఆ సంగతి గుర్తే లేదు, అయినా మళ్లీ చెయ్యి చాచితే ఇవ్వలేదు. ఎందుకని అడిగితే తడబడింది తప్ప కారణం చెప్పలేకపోయింది.

కాబట్టి మీరు నాన్నగారికి "ఇప్పుడు స్లాబు ఉంది కదా, ఏమీ కాదు" అని నచ్చచెప్పినప్పుడు ఆ మాట మొదటి జ్ఞాపకానికి చేరుతుంది, ఆయన తల ఊపుతారు. గడియ పట్టించేది రెండో జ్ఞాపకం. దానికి మాటలు అంతగా వినబడవు.

ఆ ముడి పడేది ఇలా. గాలి హోరు, రేకుల చప్పుడు చెవిలో పడి మెదడు మధ్యనుండే థలామస్‌కు చేరి, అక్కడి నుంచి ఒక దారిలో నేరుగా అమిగ్డలాకు, మరో దారిలో మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు వెళ్తాయి. చప్పుడు దేనిదో కార్టెక్స్ పోల్చుకునే లోపలే మొదటి దారి తన పని ముగిస్తుంది. జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద పనిచేసి ఈ దారులను ఒక్కొక్కటిగా గుర్తించాడు. అమిగ్డలా పక్కభాగంలో చప్పుడును మోసుకొచ్చే తంతువులు, నొప్పిని మోసుకొచ్చే తంతువులు ఒకే నాడీకణం మీద కలుస్తాయి. రెండూ ఒకేసారి గట్టిగా తట్టితే ఆ కణం మీద చిన్న తలుపుల్లాంటి ఎన్ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది, దానితో చప్పుడు తంతువు ఆ కణంతో కలిసే సంధి బలపడుతుంది. తరువాతి గంటల్లో కొత్త ప్రోటీన్లు తయారై ఆ బలం నిలబడిపోతుంది. అప్పటి నుంచి నొప్పి అక్కర్లేదు, చప్పుడొక్కటే చాలు. అమిగ్డలా నడిమి భాగం నుంచి కిందికి ఆజ్ఞలు పోయి గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, కాళ్లు కట్టేసినట్టు అవుతాయి. ఆ సమయంలో ఒంట్లో ఊరిన అడ్రినలిన్ కూడా జ్ఞాపకాన్ని ఇంకా లోతుగా నాటుతుంది. నిన్న మధ్యాహ్నం ఏం కూర తిన్నారో మరిచిపోయే మనిషికి ఆ తెల్లవారుజాము మాత్రం చెక్కినట్టు ఉండడానికి ఇదొక కారణం. లెడూ తరువాతి రోజుల్లో ఒక హెచ్చరిక కూడా చేశాడు: ఇదంతా ప్రమాదం నుంచి కాపాడుకునే యంత్రాంగం, "నాకు భయమేస్తోంది" అన్న స్పృహ దీనికంటే పెద్దది, దానిలో మెదడులోని వేరే భాగాలకూ పాలుంది అన్నాడు. రోగులను చూసిన నాకు ఆ మాట న్యాయంగానే తోస్తుంది.

మొదట భయపెట్టింది నూటనలభై కిలోమీటర్ల గాలి, ఇప్పుడు భయపెడుతున్నది మామూలు ఈదురుగాలి, ఒక్కోసారి పక్కింటి రేకుల మీద పిల్లి నడిచిన చప్పుడు. పాము కరిచినవాడు తాడును చూసినా బెదురుతాడని మన పెద్దలు అన్నది దీన్నే. అమిగ్డలా పోలికలు చూసుకుంటుంది, కొలతలు వేసుకోదు. పొరపాటున తాడుకు బెదిరినందువల్ల నష్టం చిన్నది, పామును తాడనుకుంటే పోయేది ప్రాణం. చప్పుడే కాదు, తేదీ కూడా గుర్తుగా మారుతుంది. మన ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. దసరా దగ్గరపడుతుంటే నా దగ్గరికి నిద్ర పట్టడం లేదని వచ్చేవారు ఎక్కువవుతారు. వాళ్లలో చాలామంది తుఫాను సంగతి తాముగా ఎత్తరు, కడుపులో మంట అనో గుండెపట్టు అనో చెప్తారు.

ఇక హైదరాబాదు సంగతి. మీ మొత్తం ఉత్తరంలో నాకు ముఖ్యంగా తోచింది ఇదే. భయం కలిగించే చప్పుడును ఏ హానీ లేకుండా పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుందన్నది రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కాలం నుంచి తెలుసు. తగ్గినప్పుడు పాత ముడి విడిపోతుందని చాలాకాలం అనుకున్నారు. అది విడిపోదు. పావ్లోవే గమనించాడు, కొన్నాళ్లు ఊరుకుంటే అణిగిన స్పందన దానంతట అదే తిరిగి వస్తుందని. మెదడు చేసేది ఏమిటంటే, "ఈ చప్పుడు ప్రమాదం" అన్న పాత పాఠాన్ని అలాగే ఉంచి, "ఈ చప్పుడుకు ప్రమాదం లేదు" అన్న కొత్త పాఠాన్ని దాని పక్కన రాసుకుంటుంది. నుదురు వెనుక దిగువన ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ భాగం ఈ కొత్త పాఠాన్ని పట్టుకుని అమిగ్డలాను అదుపు చేస్తుంది. ఇప్పుడు ఒకే చప్పుడుకు రెండు పాఠాలు ఉన్నాయి, ఏది చదవాలో తేల్చడానికి మెదడు హిప్పోక్యాంపస్‌ను "ఇప్పుడు మనం ఎక్కడున్నాం" అని అడుగుతుంది. చిక్కంతా ఇక్కడే. పాత పాఠం ఎక్కడైనా పనిచేస్తుంది, కొత్త పాఠం మాత్రం దాన్ని నేర్చుకున్న చోటికి కట్టుబడి ఉంటుంది. మార్క్ బౌటన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు దీన్ని పరిశోధించాడు: ఒక గదిలో భయం నేర్పి, మరో గదిలో పోగొట్టి, తిరిగి మొదటి గదిలో పెడితే ఎలుక మళ్లీ బిగుసుకుపోతుంది.

మీ నాన్నగారి విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. భయం పుట్టింది ఉప్పుగాలి కొట్టే మీ ఊళ్లో, చీకట్లో, కరెంటు లేని రాత్రి. అది తగ్గింది హైదరాబాదులో, నాలుగో అంతస్తులో, పగటిపూట, ఫోను స్పీకరులో, పక్కన కౌన్సెలర్ కూర్చుని ఉండగా. ఆయన మెదడు నేర్చుకున్నది గాలికి భయపడనక్కర్లేదని కాదు, హైదరాబాదు ఫ్లాటులో ఫోను నుంచి వచ్చే గాలికి భయపడనక్కర్లేదని. ఆ కౌన్సెలర్ చేసిన పని తప్పు కాదు, అందులో సగమే అయింది. మిగిలిన సగం వజ్రపుకొత్తూరులో, మీ ఇంటి వసారాలో జరగాలి.

కథ మారుతోందన్న మీ అనుమానానికి వస్తాను. 1986లో అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ పేలిపోయిన మర్నాడే ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చేత, ఆ వార్త వారికి ఎక్కడ, ఎలా తెలిసిందో రాయించి పెట్టారు. సుమారు రెండున్నరేళ్ల తరువాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే నాలుగోవంతు మంది చెప్పినదానిలో ముఖ్యమైన వివరం ఒక్కటీ కలవలేదు. వాళ్లేమీ బొంకలేదు, చాలామంది గట్టి నమ్మకంతో చెప్పారు. తమ చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. గుర్తు చేసుకోవడమంటే పెట్టెలోని ఫొటో తీసి చూడడం కాదు. ఆ సంఘటన ముక్కలు మెదడులో చోటచోట ఉంటాయి, ప్రతిసారీ వాటిని ఏరి మళ్లీ కూర్చుకోవాలి, కూర్చేటప్పుడు తరువాత టీవీలో చూసినది, పక్కింటివాళ్లు చెప్పినది కలిసిపోతుంది. కరెంటు పోయాక చెట్టు పడిందా, పడ్డాక కరెంటు పోయిందా అని నాన్నగారితో వాదించకండి. వివరం మారడం ఆయన భయం అబద్ధమనడానికి రుజువు కాదు.

ఇలా కూర్చే పనిలోనే చెరిపే మాత్ర ఆశ పుట్టింది. 2000లో కరీం నాడర్, లెడూ బృందం ఎలుకలకు ఒక చప్పుడుకు భయపడడం నేర్పారు. మర్నాడు ఆ చప్పుడు ఒక్కసారి వినిపించి, వెంటనే అమిగ్డలాలోకి ప్రోటీన్ తయారీని ఆపే మందు పంపారు. ఆ తరువాత ఆ ఎలుకలకు భయం బాగా తగ్గిపోయింది. చప్పుడు వినిపించకుండా అదే మందిస్తే భయం తగ్గలేదు, ఆరుగంటలు ఆగి ఇచ్చినా తగ్గలేదు. అంటే ఎప్పుడో గట్టిపడిన జ్ఞాపకం కూడా తలచుకున్నప్పుడు కొన్ని గంటలపాటు మళ్లీ మెత్తబడుతుంది, దాన్ని తిరిగి గట్టిపరుచుకోవలసి వస్తుంది. 1968లోనే ఇలాంటి ఫలితం ఒకటి వచ్చింది గాని అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మెరెల్ కింట్ బృందం ప్రొప్రనొలాల్ అనే పాత బీపీ మాత్రతో మనుషుల్లో దీన్ని చూపించింది. సాలీడు బొమ్మ చూపి షాకు ఇచ్చి వాళ్లకు భయం నేర్పారు; మాత్ర తరువాత కూడా బొమ్మ వెనుక షాకు వస్తుందని వాళ్లకు తెలుస్తూనే ఉంది, ఉలికిపాటు మాత్రం పోయింది. పత్రికలు జ్ఞాపకం చెరిపే మాత్ర వచ్చేసిందని రాశాయి. తరువాత ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినవాళ్లలో కొందరికి అలాంటి ఫలితం రాలేదు. తలచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం మెత్తబడదని, అనుకున్నదానికి భిన్నంగా ఏదో జరిగితేనే మెత్తబడుతుందని, పాతవి, బలమైనవి అంత సులభంగా లొంగవని తేలింది. ఈ పరిశోధన గొప్పదని నా అభిప్రాయం, అయితే మీ నాన్నగారి వైద్యాన్ని దాని మీద ఆధారపెట్టను. దయచేసి మందుల షాపుకు వెళ్లి ప్రొప్రనొలాల్ కొనకండి. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం. పైగా ఉద్దానం మనిషి కనుక ఏ మందు మొదలుపెట్టేముందైనా ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించడం మంచిది. మన దగ్గర కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆయన ఆల్ప్రాజోలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర వేసుకుంటున్నారని ఒక వాక్యంలో రాశారు. ఆ రాత్రికి అది నిద్ర పుచ్చుతుంది, నిజమే. కాని గాలికి ఏమీ కాలేదని మెదడు నేర్చుకోవలసిన సమయంలోనే అది మెదడును మందగింపజేస్తుంది. నెలల తరబడి వాడితే అలవాటు కూడా అవుతుంది. అలాగని రేపే ఆపేయకండి, ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఒక్కోసారి మూర్ఛ రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. దీర్ఘకాలం వాడదగిన మందు అవసరమైతే సెర్ట్రలిన్ లాంటివి ఉన్నాయి, అవి వారాల మీద పనిచేస్తాయి.

ఇప్పుడు గడియ సంగతి. చూడడానికి చిన్న విషయంలా ఉంటుంది, కాని ఇన్నేళ్లలో నాన్నగారు ఎన్నో గాలిరాత్రులు క్షేమంగా గడిపినా భయం ఎందుకు తగ్గలేదో ఇదే చెబుతుంది. గాలి ఆగాక ఆయన మెదడు ఒక లెక్క వేసుకుంటుంది: ఇల్లు నిలిచింది, ఎందుకంటే నేను గడియ పట్టుకున్నాను. క్షేమానికి కారణం గడియ అయినంతకాలం స్లాబుకు ఆ పేరు రాదు. తాయెత్తు విషయంలోనూ నా మాట ఇదే. జడుపు చేసిందని తాయెత్తు కట్టించారని రాశారు, అందులో తప్పు లేదు, దానితో ఆయనకు నలుగురి తోడు దొరికింది. తాడు తెగిన రోజున ఏమవుతుందోనన్న కొత్త భయం పుట్టకుండా చూసుకోండి చాలు.

చికిత్స ఊళ్లోనే చేయాలంటే ఇలా మొదలుపెట్టవచ్చు. తుఫాన్ల కాలం దాటిపోయాక, గాలి తక్కువగా ఉండే చలికాలంలో, పగటిపూట, ఇంటి వసారాలో కూర్చోబెట్టి అవే రికార్డింగులు వినిపించండి. వినిపించేముందు "ఇప్పుడు ఏమవుతుందని మీకు అనిపిస్తోంది" అని అడిగి, ఆయన మాటల్లోనే రాసిపెట్టండి. "గుండె ఆగిపోతుంది" అనవచ్చు, "తట్టుకోలేక లేచి పరుగెడతాను" అనవచ్చు. తరువాత ఆ కాగితం తీసి ఇద్దరూ చదవండి. భయం పూర్తిగా తగ్గేదాకా కూర్చోబెట్టడం కంటే, అనుకున్నది జరగలేదన్న సంగతి ఆయనకు తగలడం ముఖ్యం, ఎందుకంటే ఆ ఆశ్చర్యంలోనే మెదడు కొత్త పాఠం రాసుకుంటుంది. అది కుదిరాక సాయంత్రం, ఆ తరువాత లైటు ఆపి రాత్రి, ఆ తరువాత జీడితోటలో, సముద్రపు ఒడ్డున ఇసుకలో, ఒకసారి మీతో, ఒకసారి ఒంటరిగా. ఒకేచోట ఇరవైసార్లు చేయడం కంటే నాలుగు చోట్ల అయిదేసిసార్లు చేయడం మేలు. కొత్త పాఠం చోటుకు కట్టుబడుతుందని చెప్పాను కదా, కాబట్టి దాన్ని చాలా చోట్ల కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు వచ్చేసరికి అసలు గాలిలో కూర్చోగలగాలి, చేతులు గడియ మీద కాకుండా ఒళ్లో పెట్టుకుని. ఏ రోజు నేర్చుకున్నది ఆ రాత్రి నిద్రలో కుదురుకుంటుంది కనుక మద్యం జోలికి పోనివ్వకండి.

దీనితోపాటు ఆ రాత్రి కథను మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా, పదేపదే చెప్పించే పద్ధతి కూడా ఉంది. అది మాత్రం శిక్షణ పొందినవారి దగ్గరే చేయించాలి, ఎనిమిది నుంచి పదిహేను సార్లు కూర్చోవలసి రావచ్చు. ఇంట్లోవాళ్లు బలవంతంగా తవ్వి అడగకూడదు, ఆయనంతట ఆయన ఎత్తితే మాట మార్చకూడదు. ఊరి నుంచి జిల్లా కేంద్రానికి రావడం కష్టమైతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీమానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే ఇవేవీ చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆయన భయం పూర్తిగా పిచ్చిది కాదు, ఈ తీరానికి తుఫాన్లు మళ్లీ వస్తాయి. కాబట్టి నేను ఆయన చేత ఇంకొక పని కూడా చేయిస్తాను: గాలి లేచిన రాత్రి గడియ దగ్గరికి వెళ్లేముందు కళింగపట్నం ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరవేశారో ఫోనులో చూసుకోవాలి. హెచ్చరిక లేకపోతే మంచం మీదే ఉండాలి. పెద్ద హెచ్చరిక ఉంటే గడియ పట్టుకోవడం కాదు, అమ్మగారిని తీసుకుని తుఫాను రక్షిత భవనానికి పోవాలి.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఆ రాత్రి అదే ఇంట్లో, అదే చీకట్లో మీ అమ్మగారు కూడా ఉన్నారు, ఆవును కట్టింది ఆవిడే అని మీరే రాశారు. గాలి వీచినప్పుడు ఆవిడకు ఏమవుతుందో మాత్రం ఎక్కడా రాయలేదు. నాన్నగారిని నా దగ్గరికి తీసుకువచ్చే రోజున ఆవిడను కూడా తీసుకురండి.